ఉద్యోగం చేసుకుంటూ గాలానికి వెళ్లడం ఎలా? ఒంట్లో బాగాలేదని చెప్పి సెలవు పెట్టవచ్చా?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్పుకుందాం. అడిగినవారు విజయవాడలో పటమట దగ్గర ఉంటారు. ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలో ఉద్యోగం, ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా, వారానికి ఆరు రోజులు. ఆదివారం ఇంటి పనులకే చాలడం లేదు. గాలం మీద ఈ మధ్యనే మోజు పుట్టింది. నెలకొకసారి ఒంట్లో బాగాలేదని ఫోను చేసి, వారం మధ్యలో కృష్ణ ఒడ్డుకు చెక్కేస్తే తప్పా, అసలు ఉద్యోగస్తులు దీనికి సమయం ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు అని అడుగుతున్నారు.

సూటిగా చెబుతాను. ఎగ్గొట్టవద్దు. నీతి కోసం కాదు, చేప కోసమే చెబుతున్నాను. మీ ఆఫీసు కొనుక్కున్న వేళ వేరు, చేప ఎర అందుకునే వేళ వేరు. మీరు దొంగతనంగా సంపాదించాలనుకుంటున్న పది గంటల్లో ఏడు గంటలు నీటిలో ఏ కదలికా ఉండదు. మీకు కావలసినవి వారానికి రెండు ఉదయాలు, ఏడాదికి నిజాయతీగా అడిగి తీసుకున్న ఆరు సెలవులు, ముందు రోజు రాత్రి అరగంట. ఇంతకు మించి నేను ఉద్యోగం చేసిన ఇరవై ఏడేళ్లలో ఏనాడూ వాడలేదు. ఒకసారి తప్ప. ఆ ఒకసారి సంగతి కూడా చెబుతాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా పని చేశాను. మూడేళ్ల కిందట మానేసి తాడేపల్లిలో ఉంటున్నాను. యార్డు సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా దిగుతాయి, పొద్దున్నే బేరాలు, కాటాలు, సాయంత్రం దాకా పట్టీలు రాయడం, రైతు లెక్క రైతుకు తేల్చడం. ఆ మూడు నెలల్లో సెలవు మాట ఎత్తితే షావుకారు కాదు, పక్క కొట్టు హమాలీ కూడా నవ్వుతాడు. ఇక మే నెల మధ్యలో యార్డుకు వేసవి సెలవులు వస్తాయి, దాదాపు నెల రోజులు. గాలగాడికి పండగే అనుకుంటారు కదా? సరిగ్గా అప్పుడే డెల్టా కాలువలు కట్టేసి ఉంటాయి. కొమ్మమూరు కాలువ అడుగున పగుళ్లిచ్చిన బురద, అక్కడక్కడ మడుగులు, వాటి మీద కొంగలు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలే వేళకు యార్డు తెరిచేస్తారు. ఇరవై ఏడేళ్లు నా సెలవులూ నా నీళ్లూ ఒకదాని ముఖం ఒకటి చూడలేదు. కాబట్టి ఉద్యోగం పక్కన గాలానికి చోటు వెతుక్కోవడం గురించి నాకు కొంత తెలుసు.

ఇప్పుడు ఆ ఒకసారి సంగతి. ఒక ఏడాది జూలైలో, కాలువకు నీళ్లు వచ్చిన రెండో వారం, సంగంజాగర్లమూడి దగ్గర శీలావతి చేపలు బాగా పడుతున్నాయని విన్నాను. జ్వరమని కొట్టుకు కబురు పంపి బయలుదేరాను. ఇంట్లో అందరూ లేచాక, జ్వరం వచ్చినవాడిలాగే నెమ్మదిగా బయలుదేరేసరికి తొమ్మిది అయింది. ఒడ్డుకు చేరేసరికి పదింబావు. ఎండ నెత్తిన కొడుతోంది. మూడు గంటలు కూర్చుంటే బొటనవేలంత పక్కెలు నాలుగు, అవి కూడా ఎర కొరికి పోయినవే ఎక్కువ. మధ్యాహ్నం రెండుకు మబ్బు పట్టింది, నాలుగింటికి బెండు, అదే దారానికి కట్టి నీటి మీద తేలేలా ఉంచే గుర్తు, మునిగింది. రెండు కేజీల పైచిలుకు శీలావతి. దాన్ని ఒడ్డుకు తెచ్చి తాడు కడుతుంటే కాలువగట్టు మీద ట్రాక్టరు ఆగింది. మా కొట్టుకు ఏటా కాయ తెచ్చే రైతు. "గుమస్తా గారూ, భలే చేప పట్టారే!" అని మనస్ఫూర్తిగా సంతోషించి వెళ్లాడు. ఆ సంతోషం ఆయన దగ్గరే ఉంచుకున్నా బాగుండేది. మర్నాడు పాత బాకీ లెక్క చూసుకోవడానికి కొట్టుకు వచ్చి, షావుకారు ముందే చేతులు చాచి చేప ఎంత పొడవుందో చూపించాడు.

షావుకారు నన్ను తిట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "జ్వరం ఎన్ని కేజీలు తూగింది?" అని అడిగారు.

ఆ తర్వాత రెండేళ్లు మా అమ్మకు నిజంగా ఒంట్లో బాగాలేక సెలవు అడిగినా ఆ కొట్టులో ఎవరో ఒకరు "ఎన్ని కేజీలు?" అనేవారు. దొంగ సెలవుకు అసలు జరిమానా ఇది. జీతంలో కోత కాదు, నిజమైన అవసరం వచ్చినప్పుడు మన మాట చెల్లకపోవడం. మీది ఫైనాన్స్ సంస్థ అంటున్నారు. మాట మీద నడిచే వ్యాపారం. ఇప్పుడైతే ట్రాక్టరు రైతు కూడా అక్కర్లేదు, మీ పక్కన గాలం వేసినవాడు తీసిన ఫోటోలో వెనక మీరు నిలబడి ఉంటే చాలు.

ఇంకో సంగతి. ఆ రోజు పట్టిన చేప నాలుగింటికి పడింది. ఆ జూలైలో మా కొట్టు మూడున్నరకే కట్టేస్తున్నారు. గంట ముందు పర్మిషన్ అడిగి ఉంటే అదే చేపను నేను జ్వరం లేకుండానే పట్టేవాడిని.

ఎందుకలా అంటే, చేప రోజంతా మేయదు. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ బొచ్చె, శీలావతి, మోసు లాంటివి తెల్లవారుజామునా, పొద్దు వాలేటప్పుడూ ఒడ్డు వైపు మేతకు వస్తాయి. ఎండ ఎక్కాక లోతుకు దిగిపోతాయి, లేదా తూటికాడ నీడన చేరతాయి. విజయవాడలో జూన్‌లో సూర్యోదయం ఐదున్నరకే. ఐదింటికి మీరు ఒడ్డున ఉంటే ఏడుంబావు దాకా రెండుంబావు గంటలు చేతిలో ఉంటాయి. ఎనిమిదింటికి ఇంట్లో, తొమ్మిదిన్నరకు సీట్లో. పటమట నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు రావడానికి ఆ వేళ రోడ్డు ఖాళీ, అరగంట కూడా పట్టదు. అదే పది గంటలకు బయలుదేరి చూడండి, కనకదుర్గమ్మ గుడి ముందే సగం ప్రాణం పోతుంది.

చలికాలం లెక్క వేరు. డిసెంబరు, జనవరిలో నీళ్లు చల్లబడి చేప మందకొడిగా ఉంటుంది. సూర్యోదయమే ఆరున్నరకు అటూ ఇటూ. ఎనిమిది, తొమ్మిది దాటి నీటి పైపొర కాస్త వెచ్చబడ్డాక గానీ బెండు కదలదు. ఆ రెండు నెలలు వారం మధ్యలో మంచం దిగవద్దు. ఆదివారం తొమ్మిదికి ఇంట్లో టిఫిను చేసి తీరుబడిగా వెళ్లండి. చలిలో ఐదింటికి వెళ్లి ఖాళీ చేతులతో వచ్చి, రోజంతా ఆఫీసులో ఆవలించినవాళ్లను చాలామందిని చూశాను. నేనూ వాళ్లలో ఒకణ్ణి.

మరొకటి, చెబితే కొత్తవాళ్లెవరూ నమ్మరు. ఎండాకాలంలో నిలవ నీటికి తెల్లవారుజామున వెళ్లవద్దు. చెరువులో నాచు, నీటి మొక్కలు పగలు ఎండలో ప్రాణవాయువు విడుస్తాయి, రాత్రంతా అవే పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారే ముందు నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. చేపల చెరువుల రైతులు రాత్రి నిద్ర మానుకుని ఏరియేటర్లు, అంటే నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలు, తిప్పేది ఇందుకే. ఆ వేళ చేప పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు మింగుతూ కనిపిస్తుంది. కొత్తవాడు "అబ్బో, ఎన్ని చేపలో!" అని మురిసిపోతాడు. ఊపిరే ఆడనిది ఎర తింటుందా? చెరువుకైతే సాయంత్రం వెళ్లండి. పారే నీరైతే తెల్లవారుజామున నిశ్చింతగా వెళ్లవచ్చు.

సెలవుల విషయానికి వస్తే, అబద్ధం చెప్పాల్సిన అవసరం చట్టం కూడా పెట్టలేదు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం, దాని కిందికి వచ్చే ప్రైవేటు సంస్థలో 240 రోజులు పని చేసిన ఉద్యోగికి ఏడాదికి 15 రోజుల వేతన సెలవు ఉంది. అది కాక అనారోగ్యానికో, మరో సహేతుక కారణానికో 12 రోజులు. మీ నియామక పత్రంలో ఇంకేమైనా ఎక్కువ ఉందేమో చూసుకోండి. పండగలకు, పెళ్లిళ్లకు, పిల్లల జ్వరాలకు పోగా ఆరు రోజులు గాలానికి మిగుల్చుకోవడం కష్టం కాదు. అడిగేటప్పుడు "సొంత పని" అనండి, చాలు. చేపలకు వెళ్తున్నానని చెప్పినా నష్టం లేదు. మా షావుకారుతో ఆ తర్వాత నేను అలాగే చెప్పేవాడిని. ఆయనకు వాలుగ ఇష్టం. పడితే పంపేవాడిని. అది లంచమని మా ఆవిడ అనేది, నేను మర్యాద అనేవాడిని.

అడిగే తీరులో రెండు మెలకువలు. నెలాఖరు వసూళ్ల వారంలో అడగవద్దు. సోమవారం కూడా అడగవద్దు, ఆదివారానికి తోక తగిలిస్తున్నాడని అనిపిస్తుంది. బుధ, గురువారాలు మేలు. రోజంతా సెలవు కంటే ఒక గంట పర్మిషన్ ఇంకా మేలు: "పదిన్నరకు వస్తాను, సాయంత్రం ఒక గంట ఎక్కువ కూర్చుంటాను" అంటే కాదనే మేనేజరు తక్కువ. ఆ గంట మీకు ఒడ్డున బంగారం. అయితే పదిన్నరకు అన్నారంటే పది ఇరవైకే సీట్లో ఉండాలి. చేప గాలానికి ఉన్నా సరే.

మరి ఆ ఆరు రోజులూ ఎప్పుడు వాడాలి? ఇక్కడ తొందరపడకండి, తేదీలు ముందే రాసుకోవద్దు. నీటిని చూసి రాసుకోవాలి.

నా లెక్కలో మొదటి రెండు రోజులు కాలువలకు నీళ్లు వచ్చిన పది పదిహేను రోజుల తర్వాత. మామూలుగా జూన్, ఒక్కోసారి జూలై. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి కాబట్టి, పైన శ్రీశైలం, సాగర్ నిండే దాకా ఆగకుండానే డెల్టాకు నీళ్లు ఇవ్వగలుగుతున్నారు. మొదటి వారం వచ్చే నీటిలో చెత్త, నురగ, గడ్డి కొట్టుకొస్తాయి. దారం మీద గడ్డి ఏరుకోవడమే పని. అది తేరుకున్నాక సీతానగరం దగ్గర మొదలయ్యే పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ మీద దుగ్గిరాల లాకుల దాకా ఎక్కడ గట్టు దిగేందుకు వీలుంటే అక్కడ కూర్చోండి. లాకుల గేట్లకు మాత్రం దూరంగా. నీళ్లు సుడి తిరిగే చోట కాదు, సుడి అయిపోయి నీరు మెత్తబడే చోట వేయాలి. నగరం మధ్యలో పారే బందరు, ఏలూరు, రైవస్ కాలువల జోలికి పోకండి. చేప ఉండదని కాదు, ఆ నీటిలో కలిసే మురుగు చూశాక తినబుద్ధి కాదు.

తర్వాతి రెండు రోజులు వరద తగ్గి నది తేటబడుతున్నప్పుడు, అంటే అక్టోబరు ఆఖరు, నవంబరు. ఏడాదిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నీళ్లు ఇవే. పచ్చగా, మరీ తేటగా కాకుండా, అడుగు కనిపించీ కనిపించనట్టుగా ఉంటాయి. చిక్కేమిటంటే అది కార్తీక మాసం. మా ఇంట్లో నెల రోజులూ నీసు ముట్టరు. ఏడాదిలో మంచి చేపలన్నీ ఆ నెలలోనే పడేవి, అన్నీ పక్కింటివాళ్లే తినేవారు. పైగా ఘాట్ల మీద స్నానాలు, దీపాలు. స్నానఘాట్ల దగ్గర గాలం వేయవద్దు. తెగిపోయిన గాలం నీటి అడుగున మెట్ల సందులో ఉండిపోతే, తెల్లవారి మునక వేయడానికి దిగిన ముసలమ్మ అరికాలిలో దిగుతుంది. పున్నమి ఘాట్, దుర్గా ఘాట్, సీతానగరం ఘాట్లు భక్తులవి. మనకు నది పొడుగునా ఒడ్డు ఉంది.

మిగిలిన రెండు రోజులు దాచుకోండి. ఎప్పుడో ఒక రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే చల్లగాలి తిరుగుతుంది, రాత్రికి సన్నగా జల్లు పడి తెల్లారేసరికి మబ్బు నిలిచిపోతుంది. ఆ రోజుకు ఆ సెలవు.

వరద గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. పైన ఎక్కడో సాగర్‌లో, పులిచింతలలో వదిలిన నీళ్లు ఇక్కడికి వచ్చాక ఆ గేట్లు ఎత్తుతారు. ఇక్కడ ఎండ కాస్తూ ఉండగానే దిగువన నీటిమట్టం పెరుగుతుంది. ఇసుక తిన్నె మీదకు నడిచి వెళ్లినవాడు వెనక్కి చూసేసరికి మధ్యలో పాయ పారుతూ ఉంటుంది. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. అంతదాకా ఆగవద్దు. గేట్లు ఎత్తారని పేపర్లో వస్తే చాలు, నేను దిగువకు వెళ్లను, ఎగువన కూడా నీటి అంచున కూర్చోను. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కుల పైన వచ్చినప్పుడు ఇదే నది పడవలను తెచ్చి బ్యారేజీ గేట్లకు కొట్టింది. మీ వెదురు కర్ర దానికి ఒక లెక్కా?

నీళ్లు ఎర్రబడి కాస్త పెరుగుతున్న రోజుల్లో చిన్న డ్రెయిన్లు, పంట బోదెలు చూడండి. ఆ ఎర్రనీటిలో బొచ్చె, శీలావతి మీద ఆశ పెట్టుకోవద్దు. జెల్లలు, వాలుగ వాసన పట్టుకుని వస్తాయి కాబట్టి వానపాము గుచ్చి అడుగున వేయండి. జెల్ల పడితే తీసేటప్పుడు జాగ్రత్త. పక్క రెక్కల ముల్లు గుచ్చుకుంటే ఆ రోజు ఆఫీసులో ఎడమ చేత్తో సంతకం పెట్టాల్సి వస్తుంది. ఆ నెలల్లో పొట్ట నిండా గుడ్లతో ఉన్న చేప పడితే నేను వదిలేస్తాను. మీ ఇష్టం.

అనుమతుల సంగతి కూడా గుర్తుంచుకోండి. ఊరి చెరువులు చాలావరకు పంచాయతీ వేలంపాటలో పాడుకున్నవాళ్ల చేతిలోనో, మత్స్యకార సహకార సంఘాల చేతిలోనో ఉంటాయి. అందులో చేపపిల్ల వదిలి మేత వేసినవాడు ఒకడుంటాడు. అడగకుండా వేస్తే అది దొంగతనమే. నది మీద కూడా వలలు వేసి బతికేవాళ్లు ఉన్నారు. వాళ్లు వల కట్టిన చోటికి పక్కన వేసి, చిక్కు పడ్డాక వల కోసేవాళ్లను చూశాను. ఆ వల వాళ్లకు నెల జీతం. "ఇక్కడ వేసుకోవచ్చా అన్నా?" అని అడిగితే ఎవరూ కాదనరు, పైగా ఎక్కడ లోతుందో చెబుతారు.

ఇక అసలు కిటుకు, సమయం లేనివాడిది. ఒకే చోటు, ఒకే వేళ. సెలవున్నవాడు చోట్లు మారుస్తూ తిరుగుతాడు, మీకు అంత తీరిక లేదు. అదే మీకు లాభం. మంగళవారం, శుక్రవారం అనుకోండి, ప్రతిసారీ అదే చోట, అదే వేళకు, వెళ్లగానే నాలుగు ముద్దలు మేత విసరండి. వచ్చేటప్పుడు మిగిలిన పిండి కూడా అక్కడే వదిలేయండి. మూడు వారాలకు చేపలు ఆ చోటికి అలవాటు పడతాయి. నాలుగో వారం మీరు కర్ర సర్దుకుంటుండగానే నీటి అడుగు నుంచి సన్నటి బుడగలు వరసగా లేస్తాయి. మోసులు బురద కెలుకుతున్నాయని అర్థం. మీ హాజరు కంటే వాటి హాజరే బాగుంటుంది.

బెండు చూడటం రావాలి, లేకపోతే ఉన్న రెండు గంటలూ చిన్న చేపలకు ఎర పంచడంలో పోతాయి. నేను నెమలి ఈక కాడను నాలుగంగుళాలు కోసి వాడతాను, పైన అంగుళం మాత్రం నీటి మీద నిలబడేలా సీసం గుండు సరిచూసుకుంటాను. చైనా గురక, అదే తిలాపియా, తలుపు కొట్టిన అప్పులవాడిలా టకటకా టకటకా పొడుస్తుంది. లాగితే ఖాళీ గాలం వస్తుంది. శీలావతి అలా కాదు. ముందు ఈక ఒక్క వణుకు వణుకుతుంది. ఆగుతుంది. మీరు ఊపిరి బిగబడతారు. తర్వాత ఈక కొంచెం పైకి లేస్తుంది, అవును, పైకే, చేప అడుగున ఎర ఎత్తి సీసం బరువు తగ్గించింది కాబట్టి. పైకి లేచిన ఈక పక్కకు వాలి, ఎవరో నీటి కింద నుంచి మెల్లగా నడిపించుకుపోతున్నట్టు జారుతుంది. అప్పుడు మణికట్టుతో ఒక్క గుంజు, అంతే. చెయ్యి మొత్తం ఎత్తితే టంగూసు దారం, అంటే నైలాను దారం, తెగుతుంది, లేదా పెదవి చిరుగుతుంది. దొంగ సెలవు రోజున నేను ఆ పైకి లేవడం మూడు సార్లు వదిలేశాను, కట్ట మీద ఏ బండి చప్పుడైనా తల తిప్పి చూస్తూ.

ఫోను గురించి కూడా ఒక మాట, ఒడ్డున దాన్ని సంచి అడుగున పెట్టండి. మీ మేనేజరు ఆరింటికి ఫోను చేయడు. చేస్తే ఆ ఉద్యోగం గురించి వేరే ప్రశ్న అడగండి.

రాత్రి నిద్ర తగ్గించి గాలానికి వెళ్లకండి. షిఫ్టు డ్యూటీ చేసే మిత్రుడు ఒకడు రాత్రి పని ముగించుకుని ఇంటికి వెళ్లకుండా నేరుగా ఒడ్డుకు వచ్చేవాడు. ఒక రోజు కూర్చున్నచోటే నిద్రపోయాడు. లేచేసరికి రీలుతో సహా రాడ్డు నదిలోకి పోయింది. రెండు రోజుల తర్వాత కిలోమీటరు దిగువన వల లాగినవాళ్లకు దొరికింది, చేప మాత్రం లేదు. రాడ్డు పోతే పోయింది, అదే నిద్రమత్తులో అతను బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లేవాడు, నాకు అదీ భయం. గాలానికి వెళ్లే ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోండి. మీ డ్యూటీయే ఏడున్నరకు ముగుస్తుంది కాబట్టి ఆ రోజు టీవీ, ఫోను మానుకోవాలి. సమయం అక్కడుంది, ఆఫీసులో కాదు.

ఇంట్లోవాళ్ల విషయం ఆఫీసు కంటే పెద్దది. తెచ్చి వంటింట్లో పడేసి తొమ్మిదిన్నరకు ఉడాయిస్తే మూడో వారం నుంచి మీకు తలుపు తీసేవాళ్లు ఉండరు. వారం మధ్యలో పడినవాటిలో ఒక్కటి ఉంచుకుని మిగిలినవి నీటిలోనే వదిలేయండి. ఆ ఒక్కటి ఒడ్డునే పొలుసు తీసి, పొట్ట శుభ్రం చేసి తీసుకెళ్లండి, పది నిమిషాల పని. కొర్రమీను అయితే ఇంటికి తెచ్చాక బూడిద పట్టించి రుద్దితే జిగురు వదులుతుంది, ఆ పని మీరే చేయండి. చేతుల వాసనకు సబ్బు చాలదు. చింతపండు గుజ్జో నిమ్మచెక్కో ఉప్పుతో రుద్దుకుని కడగండి. ఒడ్డుకు వేసుకునే చొక్కా వేరు, ఆఫీసు చొక్కా వేరు. అవి రెండూ ఒకే సంచిలో పెట్టిన రోజున మా కొట్టులో పిల్లి నా బల్ల కింద నుంచి కదల్లేదు.

సామగ్రి మీద ఇప్పుడే డబ్బు తగలేయవద్దు. తేలికైన వెదురు కర్ర, టంగూసు దారం, నాలుగు గాలాలు, సీసం గుళ్లు, ఈక, ఇవి చాలు. కొర్రమీనుకు ఎరగా వాడే రబ్బరు కప్ప, రాడ్డు, రీలు కావాలంటే ఒక వానాకాలం గడిచాక చూడండి. కర్ర మడత పడేది కొంటే బండికి కట్టుకోనక్కర్లేదు, వీధిలో ఎవరూ "ఈరోజు డ్యూటీ లేదా?" అని అడగరు.

ముందు రోజు రాత్రి అరగంట అన్నాను కదా, అది ఎర కోసం. రెండు పాళ్లు బియ్యపు తవుడు సన్న సెగ మీద వాసన వచ్చేదాకా వేయించండి. ఒక పాలు వేరుశనగ చెక్క పొడి కొట్టి కలపండి. చిటికెడు ఇంగువ. జిగురుకు మైదా, కొద్ది కొద్దిగా నీళ్లు. చపాతీ ముద్ద కంటే కాస్త గట్టిగా ఉండాలి, గాలానికి రేగిపండంత ఉండ. నీటిలో వేస్తే పది నిమిషాలకు గానీ విడిపోకూడదు, గ్లాసులో వేసి ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. తడిగుడ్డలో చుట్టి ఉంచండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, ఇంట్లో పాలు విరిగినా మీ మీదకే వస్తుంది. తవుడు వేయించేటప్పుడు వంటింటి కిటికీ తెరిచి పెట్టండి, ఆ వాసన రెండు రోజులు పోదు.